పేరు చెరిగిన పూస

నేను బి.ఎ. చదివాను. అదీ తెలుగు, చరిత్ర, రాజనీతి. ఈ సంగతి మామూలు రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ గుర్తుండదు గాని, ఏదైనా వస్తువు చెడిపోయిన రోజున మాత్రం అందరికీ ఒక్కసారే గుర్తొస్తుంది. "నువ్వు ముట్టుకోకు, నీది ఆర్ట్స్" అంటారు మావారు. నేను బుద్ధిగా గరిటె పట్టుకుని దూరంగా నిలబడతాను. ఫ్యూజు కట్టే విద్య రాజనీతిలో లేకపోవడం నా తప్పా, మీరే చెప్పండి!

అలాంటి నేను మొన్న వేసవిలో ఒక ఎలక్ట్రానిక్ వస్తువు ఊరూ పేరూ కనిపెట్టడంలో ఓ చెయ్యి వేశానంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా వినండి. అందులో వస్తువు కథ సగమే.

మేముండేది గోదావరిఖనిలో. ఊరివాళ్ళం ఉత్తి 'ఖని' అంటాం. ఒకవైపు సింగరేణి బొగ్గు గనులు, ఇంకోవైపు రామగుండం విద్యుత్కేంద్రం పొగగొట్టాలు, మధ్యలో మేమూ, మేము ఆరేసుకున్న బట్టలూ. పొద్దున కట్టిన తెల్లచీరని సాయంత్రం దాకా తెల్లగానే ఉంచుకున్న ఇల్లాలిని ఈ ఊళ్ళో నేనింతవరకూ చూడలేదు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగినప్పుడు అల్మారాలో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఇక మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. రేడియోలో వాతావరణం వార్తలు చెప్పేటప్పుడు రామగుండం పేరు వినిపిస్తే, మా బంధువులు ఏ ఊళ్ళో ఉన్నా సరే, "పాపం" అనుకుంటారట.

మా మామగారు గనిలో బదిలీ ఫిల్లరుగా చేరి, పరీక్ష రాసి మైనింగ్ సర్దారై, ఆ పనిలోనే రిటైరయ్యారు. మావారు బొగ్గు నాణ్యత పరీక్షించే ల్యాబులో పనిచేస్తారు. భూమిలోంచి వచ్చే బొగ్గుకి పేరు రాసి ఉండదు కదా. చూడ్డానికి అన్నీ నల్లరాళ్ళే. అందుకని నమూనా తెచ్చి, మెత్తగా పొడి చేసి, సుమారు ఒక గ్రాము తూచి, గట్టి ఉక్కుపాత్రలో ఆక్సిజన్ నింపి మండిస్తారు. చుట్టూ ఉన్న నీళ్ళు ఎంత వేడెక్కాయో చూసి, ఆ బొగ్గులో ఎంత సత్తువుందో లెక్క కడతారు. కిలోకి 7,000 కిలోక్యాలరీలు దాటితే అది జి-1. అక్కణ్ణుంచి మూడేసి వందల మెట్లు దిగుతూ జి-17 దాకా పోతుంది. 2012 నుంచి దేశమంతటా ఇదే లెక్క. ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటారా? పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మావారు భోజనాల దగ్గర మాట్లాడినవన్నీ ఇవే మరి.

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మా చిన్నాడు రెండు సబ్జెక్టుల్లో తప్పాడు. లెక్కలు, కెమిస్ట్రీ.

పక్కింటావిడ వచ్చి ఓదార్చి వెళ్ళింది. ఎదురింటావిడ ఓదార్చడానికొచ్చి వాళ్ళబ్బాయి మార్కులు చెప్పి వెళ్ళింది. రాత్రి భోజనాల దగ్గర మావారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి మజ్జిగ పోసుకుంటూ, "మనవాడు జి-17" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయన మనసు చెడ్డది కాదు, బాధపడ్డప్పుడు అలాగే మాట్లాడతారు. కాని వాడు పక్కనే వంటింట్లో మంచినీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు బోర్లించి, చప్పుడు కాకుండా వెళ్ళి గది తలుపేసుకున్నాడు.

ఫలితాల మర్నాడు దినపత్రిక విప్పడానికి తెలుగునాట ఏ తల్లికైనా చేతులు వణుకుతాయి. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఆ మర్నాడే నేను వాడి గది లోపలి గడియ, మేకులు వదులయ్యాయని అబద్ధం చెప్పి, ఊడదీయించేశాను. రాత్రుళ్ళు మంచినీళ్ళ వంకతో రెండుసార్లు లేచేదాన్ని. తలుపు సందులోంచి చూస్తే వాడు మంచం మీద ఉండేవాడు కాదు. కింద చాప మీద కూర్చుని, ఒక బిస్కెట్ల డబ్బా ముందు పెట్టుకుని, ఏవో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు ఏరుతూ ఉండేవాడు.

పద్దెనిమిదేళ్ళుగా నవలలు రాస్తున్నాను. మూగబోయిన మనసున్న యువకులు నా నవలల్లో డజను మందైనా ఉంటారు. వాళ్ళ మనసులో ఏముందో రెండో ప్రకరణం దాటకుండా పాఠకులకి చెప్పేశాను. మా వాడి మనసులో ఏముందో మూడు వారాలైనా నాకు తెలియలేదు. "ఏం చేస్తున్నావు నాన్నా?" అంటే "ఏం లేదమ్మా" అనేవాడు. ఆ డబ్బా వైపు చూస్తే నాకూ ఒళ్ళు మండేది. చదువు మానేసి ఈ చెత్తేమిటి? పైకి అనలేదు గాని, నేనూ లోపల ఒక చీటీ రాసి వాడి వీపుకి అంటించేశానన్నమాటే. మావారిది జి-17. నాది 'ఎందుకూ పనికిరాని ధ్యాస'.

ఇంతలో మా ఇండక్షన్ పొయ్యి మూలపడింది. మీట నొక్కితే నాలుగు కూతలు కూసి, ఏదో అక్షరం చూపించి ఊరుకునేది. బజారులో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. ఆ అబ్బాయి మూత కూడా విప్పకుండా, "బోర్డు పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. తిరిగొచ్చి పొయ్యిని అరుగు మీద పెట్టి, పాత సామాన్లవాడి కోసం చూస్తున్నాను. మామగారు వాకిట్లో పడక్కుర్చీలోంచి చూశారు.

"మూత ఇప్పి సూసిండా వాడు?" అన్నారు.

"లేదు మామయ్యా."

"సూడకుండ ఎట్ల జెప్పిండు? పోరన్ని సూడుమను బిడ్డా. వాని తాన మీటరున్నది."

మీటరుందని నాకు తెలియదు. తాతకి తెలుసు! సంక్రాంతికి తాత ఇచ్చిన డబ్బులతోనే లక్ష్మీనగర్‌లో కొన్నాడట, అరచేతి కన్నా కాస్త పెద్దది, పచ్చరంగు మల్టీమీటరు. మధ్యలో తిప్పే మీట, ఎర్రదీ నల్లదీ రెండు తీగలు, వాటి చివర సూదులు.

మా వాడు పొయ్యి ప్లగ్గు పీకి ఉందో లేదో రెండుసార్లు చూశాడు. పీకేశాక కూడా లోపల కొన్ని భాగాల్లో కరెంటు కాసేపు నిలవ ఉంటుందట. ఆ అరగంటా వాణ్ణి చూస్తూ కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత వాడి దగ్గర కూర్చోవడానికి నాకొక వంక దొరికింది.

మూత విప్పితే లోపల పెద్ద రాగితీగ చుట్ట. దాని నడుమ గాజుపలకకి ఆనుకుని ఒక చిన్న గాజుపూస, మిరియపు గింజంత కూడా లేదు. గిన్నె ఎంత వేడెక్కిందో కనిపెట్టి పొయ్యికి చెప్పేది అదేనట. మీటరు సూదులు దాని రెండు కాళ్ళకీ ఆనించాడు. అంకె రాలేదు. "లోపల తెగిపోయిందమ్మా. బోర్డు బాగానే ఉన్నట్టుంది. ఇలాంటి పూస ఇంకోటి కావాలి" అని, ఆ బిస్కెట్ల డబ్బా తీసుకొచ్చాడు.

అప్పుడు చూశాను దాన్ని మొదటిసారి సరిగ్గా. పాడైపోయిన రేడియోలు, చార్జర్లు, రైస్ కుక్కర్ల బోర్డుల మీంచి ఊడదీసిన ముక్కలు. వందకి పైగా ఉంటాయి. సగం వాటి మీద పేరు లేదు. కొన్నింటికి వేడికి మాడిపోయింది, కొన్నింటికి అరిగిపోయింది. కొన్ని చోట్ల తయారుచేసినవాళ్ళే, తమ సరుకు ఇంకొకరు నకలు కొట్టకుండా, పేరు గీకేస్తారట.

"పేరు లేకపోతే ఏది ఏమిటో ఎలా తెలుస్తుందిరా?"

"అడిగితే అదే చెప్తుందమ్మా" అన్నాడు. మూడు వారాల్లో వాడు నాతో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అది.

నాకు పాఠం మొదలైంది. రంగురంగుల గాజులు తొడుక్కున్న చిన్న గొట్టం రెసిస్టరు. నలుపు అంటే సున్న, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, ఇలా పది రంగులకి పది అంకెలు. గాజులు మాడిపోయినా ఫర్వాలేదు. మీటరు ఎటు తిప్పి పెట్టినా ఒకే అంకె చూపిస్తే అది రెసిస్టరే అనుకోవచ్చు. ఒకవైపు పెడితే అంకె వచ్చి, సూదులు తారుమారు చేస్తే రాకపోతే డయోడు. కరెంటుని ఒకవైపే పోనిస్తుంది. "మన పక్కింటావిడ తీసుకెళ్ళే కాఫీపొడి లాగానా?" అన్నాను. వాడు నవ్వాడు. ఆ డయోడులోనూ తేడాలున్నాయి. సిలికాన్‌దైతే మీటరు సుమారు 0.6 వోల్టు చూపిస్తుంది, పాత రేడియోల్లోని జర్మేనియం అయితే 0.2, 0.3 దగ్గరే ఆగుతుంది.

అంకె మొదట చిన్నదిగా వచ్చి, చూస్తుండగానే పెరిగి పెరిగి మాయమైతే కెపాసిటరు. నిండేదాకా పుచ్చుకుని, నిండాక చాలంటుంది. మన ఇళ్ళలో పెళ్ళివారు దాని దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. మూడు కాళ్ళుంటే ట్రాన్సిస్టరు కావచ్చు. ఏ కాలు మిగతా రెండింటితోనూ మాట్లాడుతుందో వెతకాలి. అదే బేసు. రెండు వైపులా మాట్లాడేవాణ్ణి పెళ్ళిళ్ళ పేరయ్య అంటాం మేము. ఆ బేసు మీద ఎర్రసూది పెడితే మాట్లాడిందా, నల్లసూది పెడితే మాట్లాడిందా అన్నదాన్ని బట్టి దాని జాతి తేలుతుంది.

"ఈ అంకె దేనిదిరా?"

"ఓములమ్మా."

"ఓమా? ప్రణవనాదమా?"

ఈసారి గట్టిగానే నవ్వాడు. ఓమ్ అంటే ఒక జర్మన్ పంతులుగారి పేరట. ఆ రాత్రి ఆయన గురించి చదివాను. జార్జ్ సైమన్ ఓమ్, తాళాలు చేసేవాడి కొడుకు. తీగలో కరెంటు ఎలా పారుతుందో కొలిచి, 1827లో పుస్తకం వేశాడు. అది ఎంత చప్పగా చప్పరించేశారంటే, ఆయన పంతులు ఉద్యోగమే వదులుకున్నాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ వాళ్ళు కోప్లీ పతకం ఇచ్చేదాకా లోకానికి ఆయన విలువ తెలియలేదు. ఇవాళ లోకంలో ప్రతి మీటరు మీదా ఆయన పేరే. పధ్నాలుగేళ్ళు ఆలస్యమైంది, అంతే! ఆ పధ్నాలుగేళ్ళూ ఆయన ఇంట్లో భోజనాల దగ్గర ఎవరేమన్నారో చరిత్రలో రాసి లేదు.

సరే, పూస సంగతి. డబ్బాలో పొయ్యి పూసలాంటివే మూడు గాజుపూసలు దొరికాయి. మూడూ కవలల్లా ఉన్నాయి, దేని మీదా అక్షరం లేదు. రెండు పూసలు డయోడులని తేలిపోయింది; కాఫీపొడి పరీక్షలో దొరికిపోయాయి. మూడోది మాత్రం ఎటు పెట్టినా ఒకటే అంకె, 51 కిలోఓములు. వాడి మొహం వెలిగింది. పొయ్యిలో ఉండవలసింది థర్మిస్టరు అట. వేడి తగిలితే దాని అంకె తగ్గుతుంది. వేళ్ళతో పట్టుకుంటే మన ఒంటి వేడికి అంకె దిగాలి. కాళ్ళు తగలకుండా ఒక్క గాజుపూసని మాత్రం బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకున్నాడు.

అంకె దిగలేదు. పెరిగింది. 52, 54, 57.

మళ్ళీ వదిలాడు. మెల్లిగా 51కి వచ్చింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ పెరిగింది.

"ఇది కాదమ్మా. వేడికి పెరిగే ఇంకో రకం ఉంది, అదయ్యుంటుంది" అన్నాడు. మొహంలో దీపం ఆరిపోయింది. ఆ పూసని పనికిరానివాటి వైపు నెట్టేశాడు. "నాకేదీ కుదరదు" అని మెల్లిగా అన్నాడు. పూస గురించి కాదని నాకు తెలుసు.

ఏం చెప్పాలో తోచక, పక్కనున్న స్టీలు గ్లాసు అందుకున్నాను. చుర్రుమంది! పొయ్యి మీంచి దించింది కాదు, ఊరికే బల్ల మీద ఉన్న ఖాళీ గ్లాసు. మధ్యాహ్నం మూడు గంటలు, వెనక వసారా, పైన కాలిన స్లాబు.

నాకు ఒక్కసారిగా వాడి చిన్నతనం గుర్తొచ్చింది. ఇలాంటి మే నెలల్లో వాడికి జ్వరం వస్తే, పాదరసం థర్మామీటరు డబ్బీలోంచి తీసేసరికే వంద దాటి ఉండేది. పిల్లాడి నోట్లో పెట్టకముందే దానికి జ్వరం! చన్నీళ్ళలో ముంచి, విదిలించి, అప్పుడు పెట్టేదాన్ని. ఖనిలో వేసవి పిల్లల తల్లులందరికీ తెలిసిన విద్యే ఇది.

"ఒరే," అన్నాను, "నీ చెయ్యి దానికి వేడిగా తగిలిందని ఎందుకనుకుంటున్నావు? ఈ వసారాలో ఇప్పుడు నలభై దాటే ఉంటుంది. నీ ఒళ్ళు ముప్ఫై ఏడు. నువ్వు పట్టుకుంటే అది చల్లబడి ఉంటుందిరా!"

వాడు నా వైపు చూశాడు. ఆర్ట్స్ వాళ్ళ వైపు సైన్సు వాళ్ళు అలా చూడ్డం నా జీవితంలో అదే మొదటిసారి. తర్వాత లేచి పరుగెత్తి వాడే ఐసు పట్టుకొచ్చాడు.

పూస తడవకుండా సన్నటి పాలిథిన్ కవరులో చుట్టి, చితక్కొట్టిన ఐసులో పెట్టాడు. అంకె పరుగెత్తి పరుగెత్తి 330 దగ్గర నిలబడింది. వేడి టీ గ్లాసుకి ఆనించాడు, జరజరా దిగిపోయింది. ఇంక సందేహం లేదు. వేడికి దిగుతోంది, చలికి ఎక్కుతోంది. అది థర్మిస్టరే. అబద్ధం చెప్పింది పూస కాదు, మా వసారా.

ఇంతసేపూ పడక్కుర్చీలో కళ్ళు మూసుకున్న మామగారు అప్పుడు నోరు విప్పారు.

"గ్యాసుకు మాత్రం పేరు రాసుంటదా బిడ్డా? రంగు లేదు, వాసన లేదు. దీపం వత్తి తగ్గించి, నెమ్మదిగ పైకప్పు దాక లేపాలె. తేలిక గ్యాసు పైనుంటది. మంట మీద నీలం టోపీ వడ్తదా, ఎంత ఎత్తు వడ్తది, సూడాలె. కింద బరువు గాలుంటే మంటే సన్నబడ్తది. దీపం అడుగుతది, గ్యాసు జెప్తది. తొందరవడితే తప్పు జెప్తది."

1815లో హంఫ్రీ డేవీ ఇంగ్లండు గనుల కోసం చేసిన జాలీ దీపం వంశంలోదే మామగారు గనిలో మోసిన దీపం. గాలిలో మీథేను 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగిలితే పేలిపోతుంది. ఆ నీలం టోపీ చదివి, ముందు ఏముందో చెప్పడం సర్దారు పని. ఆయన మాట మీద తక్కిన కార్మికులు లోపలికి అడుగుపెట్టేవారు. చదివింది ఏడో తరగతి.

"సరే, థర్మిస్టరే" అన్నాడాయన మనవడితో. "గని అదే లెక్కదా? ఒకటి బదులు ఒకటి వెడితే ఏమైతది?"

మావాడు తల గోక్కున్నాడు. తప్పు పూస పెడితే గిన్నె మాడిపోతున్నా పొయ్యికి చల్లగా ఉన్నట్టు తెలుస్తుందట. నూనె మూకుడు అంటుకుపోయినా ఆశ్చర్యం లేదు. ఇలాంటి పొయ్యిల్లో చాలావాటికి, 25 డిగ్రీల దగ్గర 100 కిలోఓములుండే పూస పెడతారని వాడికి తెలుసు. పోయినదాని పక్కన బోర్డు మీద కూడా ఆ సంగతి సన్నగా అచ్చేసి ఉంది. కాని మే నెలలో ఖనిలో 25 డిగ్రీలు ఎక్కణ్ణుంచి తెస్తాం?

వాడే దారి వెతికాడు. కరిగే ఐసు ఏ ఊళ్ళోనైనా సున్నా డిగ్రీలే, ఖనిలోనైనా కాశ్మీరులోనైనా. అది ఒక గుర్తు. ఇంకో గుర్తుకి ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు ఉండనే ఉంది. గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, చల్లవి కలుపుతూ, థర్మామీటరు సరిగ్గా 37 చూపించేదాకా నేను నీళ్ళు సర్దాను. పిల్లలకి నీళ్ళు పోసిన చేతులు కదా, రెండోసారికే కుదిరింది. పూసని అందులో ముంచితే 60. సున్నా దగ్గర 330, ముప్ఫై ఏడు దగ్గర 60. మధ్యలో 25 దగ్గర ఎంత?

"సగటు తీస్తే సరి" అన్నాను.

"కాదమ్మా, ఇది తిన్నగా దిగదు, వంపుగా దిగుతుంది. లాగరిథమ్ వెయ్యాలి" అంటూ కాగితం తీశాడు. లెక్కల్లో తప్పిన మా అబ్బాయి, ఎవరూ అడక్కుండా, నేల మీద బోర్లా పడుకుని, లాగరిథమ్ వేశాడు. మొదటిసారి తేడా వచ్చింది. డిగ్రీలకి 273 కలపడం మర్చిపోయాడట. కలిపి మళ్ళీ వేశాడు. 99.6.

అంటే వందే.

సాయంత్రం మావారు ల్యాబునుంచి వచ్చేసరికి పొయ్యి మీద టీ మరుగుతోంది. "కొత్తది కొన్నారా?" అన్నారు. నేను మాట్లాడకుండా ఆ కాగితం చేతికిచ్చాను. నిలబడే చదివారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని ఇంకోసారి చదివారు. ఆయన కూడా రోజంతా చేసేది ఇదే కదా: పేరు లేనిదాన్ని, తెలిసిన నీళ్ళలో పెట్టి కొలవడం.

"ఐసులో ఒక్కసారే చూశావా?" అని అడిగారు వాణ్ణి.

"మూడుసార్లు నాన్నా."

మావారు కాసేపు కాగితం వైపే చూశారు. "మా ల్యాబులో రెండుసార్లే చూస్తాం" అన్నారు. కాగితం జాగ్రత్తగా మడిచి, టీవీ పక్కన కరెంటు బిల్లులు పెట్టుకునే చోట పెట్టారు. మా ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదు. జి-17 మాట ఆ తర్వాత ఎప్పుడూ వినలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. మూడు వారాలుగా మేమందరం వాణ్ణి కొలుస్తూనే ఉన్నాం. మాట్లాడ్డం లేదు కాబట్టి మొండి, నవ్వడం లేదు కాబట్టి నిర్లక్ష్యం, తలుపేసుకున్నాడు కాబట్టి ఇంకేదో. అంకెలన్నీ సరిగ్గానే చదివాం. ఇల్లు ఎంత వేడెక్కి ఉందో మాత్రం ఒక్కళ్ళమూ చూసుకోలేదు.

మీరిప్పుడు, ఆ తర్వాత వాడు సప్లిమెంటరీలో ఫస్టున ప్యాసయ్యాడని చెబుతానని ఎదురుచూస్తున్నారు కదూ? నవలైతే అలాగే రాసేదాన్ని. లెక్కలు గట్టెక్కాడు. కెమిస్ట్రీ మళ్ళీ తన్నేసింది. ఫలితం వచ్చిన సాయంత్రం వాడు స్క్రూడ్రైవరు పట్టుకుని గది దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, గడియ బిగిస్తున్నాను" అన్నాడు. ఒక క్షణం ఆగి, నా మొహంలోకి చూసి, "పర్వాలేదుగా?" అన్నాడు.

మేకులు వదులు కాలేదని వాడికి మొదటి రోజు నుంచే తెలుసన్నమాట. ఎన్ని రాత్రులు నేను సందులోంచి చూశానో కూడా తెలిసే ఉంటుంది.

"బిగించు నాన్నా" అన్నాను. వాడు బిగించాడు. ఆ రాత్రి నేను ఒక్కసారే లేచాను, అదీ నిజంగా దాహమేసి.

ఇప్పుడు మా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలు రెండయ్యాయి. ఒకదాని మీద వాడు కాగితం అంటించి 'కొలిచినవి' అని రాశాడు. రెండోదాని మీద మొదట 'పనికిరానివి' అని ఉండేది. మొన్న దుమ్ము దులుపుతూ చూశాను; అది కొట్టేసి, కింద 'ఇంకా కొలవనివి' అని రాసి ఉంది.

"మరి నన్ను ఏ డబ్బాలో వేస్తావురా?" అని అడిగాను.

వాడు మీటరు నా వైపు తిప్పి, తాతలాగా కళ్ళు చికిలించి చూసి, "నీ రీడింగు ఒకచోట నిలవదమ్మా. నీది ఆర్ట్స్ కదా!" అన్నాడు.